మునిగిన ఓడకి దొంగదారి

అనగనగా ఒక మడ అడవి. చెట్ల వేళ్లన్నీ ఉప్పునీళ్లలో, కొమ్మలన్నీ ఎండలో. ఆ అడవి సముద్రంలో కలిసే చోట ఒక ఓడ మునిగిపోయి ఉంది. ఎప్పుడు మునిగిందో అక్కడి ముసలి తాబేలుకే తెలీదు. సగం ఇసకలో కూరుకుపోయింది. గుమ్మం పైచెక్క ఒక్కటే నీళ్లపైకి కనపడేది.

ఆ ఓడలో పోయినవాళ్ల ఎముకలు ఇంకా ఆ ఓడలోనే ఉన్నాయి. అందుకని అడవిలో జంతువులన్నీ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. దిగేముందు చెప్పి దిగాలి. లోపల కళ్లతో చూడాలేగాని, దేన్నీ తాకకూడదు, ఇసక కదపకూడదు. పైకొచ్చాక చేతులు చూపించాలి. ఇదంతా చూసుకోడానికి గుమ్మం మీద పీతమామ్మని కూర్చోబెట్టాయి.

పీతమామ్మకి ఒక డెక్క చిన్నది, ఒక డెక్క పెద్దది. ఎవరు లోపలికి దిగినా సరే, వాళ్లు బయటికొచ్చేదాకా పెద్ద డెక్కతో చెక్క మీద కొడుతూనే ఉండేది. టక్... టక్... టక్. ఓడ లోపల చీకటి కదా. ఆ చప్పుడు ఎటు వినపడితే గుమ్మం అటు.

ఆ అడవిలో బుడుంగి అని ఒక నీటికుక్క ఉండేది. దానికి మునకలంటే పిచ్చి. తిండికోసం కాదు, ఊరికే సరదాకి మునిగేది. దానికో కూతురు, పేరు గవ్వ.

ఒకరోజు బుడుంగి కూతుర్ని మొదటిసారి ఓడలోకి తీసుకెళ్లింది. దిగేముందు చెప్పింది.

"టక్ వినపడే వైపు రావాలి. వినపడకపోతే ఉన్నచోటే ఉండాలి. కాళ్లూ చేతులూ ఆడించకూడదు. తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

లోపల వరసగా జాడీలు. జాడీకో చేప కాపురం. ఒక జాడీ అడుగున, ఇసకలోంచి నీలంపూస ఒకటి తొంగి చూస్తోంది. బుడుంగి కళ్లు దానిమీదే ఉండిపోయాయి.

పైకొచ్చాక పీతమామ్మ, "చేతులు చూపించు" అంది.

"ఏం మామ్మా, రోజూ ఇదేనా? నేనేమన్నా దొంగనా?"

"దొంగవైతే చూపించమని అడగను. కొరుకుతాను."

మర్నాడు బుడుంగి ఒక్కతే దిగింది. పూస అక్కడే ఉంది. పైకొచ్చి ఖాళీ చేతులు చూపించి, "మామ్మా, ఒక్క పూస తీస్తే అంత పెద్ద ఓడకి ఏం నష్టం?" అని అడిగింది.

"ఇసకే ఆ ఓడకి దుప్పటి, ఇసకే ఊతం. దుప్పటి తీస్తే చెక్కని పురుగు తింటుంది. ఊతం తీస్తే ఓడే కూలుతుంది."

"చిటికెడు ఇసకకేనా!"

"నీకు చిటికెడు. నీ తరవాత వచ్చేవాడికి చిటికెడు. పోవే, పని చూసుకో."

గట్టుమీద నీటికాకి రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటోంది. అదీ మునకల్లో ఘనురాలే. బుడుంగిని చూసి నవ్వింది.

"రోజూ ఓడలోకి దిగానంటావు. ఏం తెచ్చావే? లోపలికే వెళ్లావో, గుమ్మం దగ్గర తోక తడుపుకుని వచ్చేశావో, ఎవరికి తెలుసు?"

"తేకూడదు కదా. కట్టుబాటు."

"ఆ ముసలిదానికి చూపించి చూపించి నీ అరచేతులు అరిగిపోయాయి గాని, ఓడకి అవతలపక్క కన్నం ఉంది. తెలీదా నీకు?"

బుడుంగికి ఆ మాట ముల్లులా దిగింది. మూడోరోజు గవ్వని గట్టుమీద నిద్రపుచ్చి, పీతమామ్మకి చెప్పకుండా, చుట్టూ తిరిగి కన్నంలోంచి దూరింది.

లోపల చప్పుడు లేదు. ఓడ అంత నిశ్శబ్దంగా ఉంటుందని దానికి అప్పటిదాకా తెలీదు. వెనక్కి పోదామా అనిపించింది. కానీ పూస ఎదురుగా మెరుస్తోంది.

లాగింది. రాలేదు. చేత్తో ఇసక తవ్వింది. ఇంకా తవ్వింది. పూస ఊడి చేతిలోకి వచ్చింది. జాడీ పక్కకి ఒరిగింది. జాడీ ఆనుకున్న దూలం "కిర్ర్‌ర్" మంది. అడుగున ఉన్న బురదంతా ఒక్కసారి లేచి నీళ్లు నల్లబడిపోయాయి.

కన్నం ఎటు? గుమ్మం ఎటు? బుడుంగి తల ఎక్కడో కొట్టుకుంది. సన్నటి వేళ్లలాంటివేవో దాని పొట్టని నిమిరాయి. ఎముకలు! పిచ్చిపట్టినట్టు కొట్టుకుంది. ఏదో అదృష్టం, దారం మందాన వెలుతురు కనపడింది. అందులోంచి బయటపడింది. వెనకాలే "ధబ్!" దూలం పడి కన్నం మూసుకుపోయింది.

గట్టెక్కి, దగ్గి దగ్గి, పిడికిలి తెరిచి చూపించింది.

"అబ్బో!" అంది నీటికాకి. తరవాత అటూ ఇటూ చూసింది. "మరి గవ్వేదే?"

"ఇక్కడే పడుకుందిగా."

"ఎక్కడ పడుకుంది? నీ బుడగల జాడ పట్టుకుని నీ వెనకాలే కన్నంలోకి దిగింది. నీతోనే ఉందనుకున్నానే!"

బుడుంగి గిరుక్కున ఓడ వైపు తిరిగింది.

కన్నం మూసుకుపోయింది. ఇక ఉన్నది గుమ్మమే. గుమ్మం మీద పీతమామ్మ. నిజం చెప్తే జన్మలో మళ్లీ ఓడలోకి దిగనివ్వరు. పూస నీళ్లలో పారేసి, పిల్ల తప్పిపోయిందని అంటే? ఎలా దూరింది, బురదెందుకు లేచింది అని మామ్మ అడుగుతుంది. అబద్ధం అల్లేలోపు పిల్ల ఊపిరి ఆగిపోతుంది.

బుడుంగి రెండు మునకల్లో గుమ్మం దగ్గరికి వచ్చింది. అడక్కుండానే చెయ్యి తెరిచింది.

"మామ్మా, కన్నంలోంచి దూరాను. ఇది తీశాను. కన్నం కూలింది. గవ్వ లోపలుంది."

పీతమామ్మ తిట్టలేదు. పూస వంక రెండోసారి చూడలేదు. పెద్ద డెక్క ఎత్తింది.

టక్. టక్. టక్.

బుడుంగి గుమ్మంలోకి దూకబోయింది. మామ్మ చిన్న డెక్కతో దాని తోక పట్టేసింది.

"నువ్వు దిగితే ఇంకా బురద లేస్తుంది. పిల్లకి ఏమీ కనపడదు. కదలకు."

"నా పిల్ల మామ్మా!"

"అందుకే. కదలకు."

టక్. టక్. గుమ్మంలోంచి నల్లటి నీళ్లు వస్తున్నాయి. పిల్ల రావడంలేదు. లోపల దూలం మళ్లీ మూలిగింది. టక్. జాడీల్లో చేపలన్నీ బెదిరి బయటికి పరిగెట్టాయి. పిల్ల రాలేదు. టక్. బుడుంగి తన చెయ్యి తనే కొరుక్కుంది.

నల్లటి నీళ్లలోంచి ఒక చిన్న ముక్కు పైకొచ్చింది.

పీతమామ్మ కొట్టడం ఆపింది. పిల్ల వంక చూసి, రోజూలాగే, "చేతులు చూపించు" అంది.

గవ్వ రెండు చేతులూ చాపింది. ఖాళీ. బురద తప్ప ఏమీలేదు.

"మొదట టక్ వినపడలేదమ్మా" అంది ఎక్కిళ్ల మధ్య. "నువ్వు చెప్పావుగా, అందుకని కదల్లేదు."

బుడుంగి పిల్లని పొట్టకి అదుముకుంది.

ఆ సాయంత్రం పోటుకి ఓడ ఒక పక్కంతా కూలిపోయింది. జాడీల్లో చేపలు మళ్లీ రాలేదు. జంతువులు కూర్చుని కట్టుబాటు బిగించాయి. ఇకమీదట ఎవరూ లోపలికి వెళ్లకూడదు, బయటే చుట్టూ తిరిగి చూడాలి. బుడుంగికి అదీ లేదు.

"మేమేం తీశాం? మా సరదా ఎందుకు పోవాలి?" అని మిగతా నీటికుక్కలు గోలపెట్టాయి. న్యాయమే. నీటికాకి మాత్రం ఆ పక్కకి రావడం మానేసింది.

పూసని పీతమామ్మ గుమ్మం పక్కన ఇసకలో పూడ్చింది.

ఇప్పుడు గవ్వ ఓడ చుట్టూ మునకలేస్తుంది. టక్, టక్ అని మామ్మ కొడుతూ ఉంటుంది. గట్టుమీద బుడుంగి ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఆ చప్పుడు ఆగి, "చేతులు చూపించు" అని వినపడ్డాకే ఊపిరి వదులుతుంది.

నీతి: చూసి రమ్మన్న చోట చూసే రావాలి. నువ్వు దొంగదారిన వెళ్తే, నీ వెనక వచ్చే పిల్లకి అదే దారి అవుతుంది.