గంప కింద గద్ద నీడ

మా ఇంటిల్లిపాదికీ తెలివెక్కువ. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వితే, ఓర్వలేక నవ్వుతున్నారని నాన్న అనేవాడు. మేమూ నిజమే అనుకునేవాళ్ళం. మాలో ఒక్కరైనా అనుమానపడి ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

ఆ ఏడు మా నాయనమ్మ కోడిపెట్ట ఐదు పిల్లల్ని చేసింది. ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. నాయనమ్మ అన్నం మానేసింది. "ఇంకో పిల్ల పోయిందంటే నన్నూ ఎత్తుకుపొమ్మంటాను ఆ గద్దని" అంది. మాకు గుండెల్లో రాయి పడింది. నాయనమ్మని మోసే గద్దంటే ఎంతుండాలి?

అప్పుడే పట్నం నుంచి ఒకాయన మెడలో దుర్భిణి వేసుకుని, గద్దల్నీ డేగల్నీ చూడ్డానికి మా పొలాలవైపు వచ్చాడు. నాన్న పరిగెత్తాడు.

"బాబూ, గద్దని ముందుగా కనిపెట్టాలంటే ఏటి చెయ్యాలండి?"

"ముందు మీరు దాని కంటబడకూడదు."

అంతే. అందరం నెత్తిన దుప్పట్లు కప్పుకుని పెరట్లో కూర్చున్నాం. గద్ద కంట మేము పడలేదు. మా కంట గద్దా పడలేదు. ముసుగులు తీసేసరికి రెండో పిల్ల లేదు. నాయనమ్మ ఆకాశంకేసి చేతులు చాచి ఏడ్చింది. ఎగిరిపోతుందేమోనని నేనో కాలు, చిన్నాన్న పైడయ్య ఓ కాలు పట్టుకున్నాం.

నాన్న మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి ఆయన, "పైకి చూడకండి, నేల చూడండి. గద్దకంటే ముందు నీడ కనబడుతుంది. నీడని పట్టుకున్నారంటే గద్ద దొరికినట్టే" అన్నాడు.

ఇంకేముంది, కోడిపిల్లల మీద బోర్లించే పెద్ద గంప తీసుకుని కాపు కాశాం. నీడ రానే వచ్చింది. చిన్నాన్న ఒక్క దూకు దూకి గంప బోర్లించి, దానిమీద కూర్చున్నాడు.

"దొరికిందా?" అన్నాడు నాన్న.

"పెరడంతా చూడు, ఇంకెక్కడైనా ఉందేటి?"

ఎక్కడా లేదు. గంప సందుల్లోంచి చూస్తే లోపల నల్లగా ఉంది. మాకు నమ్మకం కుదిరింది.

సాయంత్రానికి అమ్మకి జాలేసింది. "పొద్దుట్నుంచి దానికి తిండి లేదు. మనింట్లో ఆకలితో చస్తే పాపం కాదా?"

గద్దలు ఏం తింటాయో మాకు బాగా తెలుసు. నాయనమ్మ కునుకు తీస్తుంటే, ఏడుస్తూనే మిగిలిన మూడు పిల్లల్నీ గంప కిందికి తోశాం.

తెల్లారి చిన్నాన్న దిగగానే నాయనమ్మ గంప ఎత్తింది. మూడు పిల్లలూ కిచకిచమంటూ బయటికొచ్చాయి. నాయనమ్మ వాటిని ఒళ్ళో పోసుకుని ముద్దులాడింది. లోపల నీడ మాత్రం లేదు.

"నీడ ఏటైనట్టు?" అంది అమ్మ.

నాన్న గంపని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తినేశాయి."

"ఏవి?"

"పిల్లలు."

గద్దనే తినే పిల్లలుండగా ఇంక భయమెందుకు? మూడింటినీ నాయనమ్మ ఒళ్ళోంచి లాక్కుని ఇంటికప్పు మీద కాపలా పెట్టాం. గద్ద వాటి జోలికి రాదు సరే, నాయనమ్మ సంగతేమిటి? గంప ఖాళీగానే ఉంది. అంతే, నాయనమ్మని కూర్చోబెట్టి పైన గంప బోర్లించాం. దానిమీద చిన్నాన్న కూర్చున్నాడు. నాయనమ్మ లోపల్నుంచి తిడుతూనే ఉంది. తిట్లు వినబడుతున్నాయంటే గద్ద ఇంకా ఎత్తుకుపోలేదన్నమాటే కదా అని మేం నిశ్చింతగా ఉన్నాం.