తల్లి కొంగు వదిలిన ప్రశ్న

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే ఊరు కాదులే, ఆనకట్ట కింద ఒక రాజ్యం, దానికొక రాజు. ఆ రాజుకో కంప్యూటరు. రాజులకి కంప్యూటరుంటుందా అని అడక్కండి, నా కథలో ఉంటుంది. ఒసే వసంతా, నా వెనక నక్కి కూచుంటే నువ్వు ఊ కొట్టేది నాకెలా వినపడుతుందే?

ఆనకట్ట తలుపులు తియ్యాలన్నా ముయ్యాలన్నా ఆ కంప్యూటరే. దాన్ని ఆడించే ప్రోగ్రాము రాసింది రాజుగారి చిన్నకోడలు నాంచారి. ఆ పిల్ల పుట్టిల్లు ఆనకట్టకి దిగువన, ఏటి నడుమ లంకలో. వాళ్ళ నాన్న ఒక్కడే ఒక గేదెను పెట్టుకుని అక్కడుండేవాడు. నా దగ్గరికొచ్చెయ్ నాన్నా అంటే, గేదెనెవరు చూస్తారే అనేవాడు.

రాజుకేమో అనుమానం జబ్బు. నన్నడక్కుండా ఏదీ కదలకూడదన్నాడు. తలుపు తియ్యాలంటే అడగాలి, ముయ్యాలంటే అడగాలి, దీపం వెలిగించాలంటే అడగాలి, ఆర్పాలంటే అడగాలి. ఆయన సరే అనో వద్దు అనో నొక్కేదాకా తెర మీద ఇంకేదీ పలక్కూడదు. ఇన్ని ప్రశ్నలైతే విసుగొచ్చి చదవడం మానేస్తారు మామయ్యగారూ అని నాంచారి చెప్పి చూసింది. వింటేనా.

చేసేదేముంది, ప్రశ్నకొక చిన్న పెట్టె చేసింది. తెర మీద పెద్ద కిటికీలుంటాయి, వాటి ముందుకొచ్చి అడిగేవి ఈ పెట్టెలు. పెట్టె చేసినప్పుడల్లా నీ తల్లి ఫలానా కిటికీ అని దానికి చెప్పాలిట. అప్పుడది తల్లి కొంగు పట్టుకుని ఎదట నిలబడుతుంది. చెప్పకపోతే బిత్తరపోయి కిటికీ వెనకాల దూరుతుంది. దూరినా పట్టు మాత్రం వదలదు, జవాబు దొరికేదాకా అన్నిటినీ బిగబట్టే ఉంచుతుంది.

నాంచారి అన్నట్టే అయింది. రాజు చదవడం మానేశాడు. సరే, సరే, సరే, టకటకా నొక్కడమే. ఇంకో పెట్టె చెయ్యి, ఇంకో పెట్టె చెయ్యి అని కోడల్ని నిలవనివ్వలేదు. ఆ తొందరలో ఆ పిల్ల ఒక్క పెట్టెకి తల్లి పేరు చెప్పడం మరిచిపోయింది. ఏ పెట్టెకనుకున్నారు? వరద తలుపులు తీసే పెట్టెకి. ఊ కొడుతున్నారా?

వానలు పట్టాయి. తెల్లారేసరికి ఏరు ఎర్రగా పొంగింది. అప్పుడు వదిలితే నీళ్ళు లంక గట్టు దాటేవి కావు. రాజు తలుపులు తియ్యమని నొక్కాడు. తెర మీద ఏటి బొమ్మ ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాడు, టింగ్ అంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టింగ్ అంది. దీనికి దెయ్యం పట్టిందన్నాడు. భూతవైద్యుడొచ్చి కంప్యూటరుకి వేపమండలు కట్టాడు, సాంబ్రాణి వేశాడు, చీపురుతో బాదాడు. నీళ్ళు మెట్టెక్కాయి, గోడెక్కాయి, ఆనకట్ట మెడదాకా ఎక్కాయి. తోడికోడలి పురిటి దగ్గరున్న నాంచారికి పొద్దువాలే దాకా ఎవరూ చెప్పలేదు.

పరిగెత్తుకొచ్చింది. ఆ టింగ్ వినగానే సంగతి తెలిసిపోయింది. దెయ్యం కాదు, తను తల్లి పేరు చెప్పడం మరిచిన పెట్టెపిల్ల. మీటలు రెండు కలిపి నొక్కి వెనకనుంచి దాన్ని ముందుకు లాగింది. తలుపులు తియ్యనా అని ఉంది. పాపం, పొద్దుటినుంచీ అడుగుతూనే ఉంది.

ఇప్పుడు తీస్తే లంక మునుగుతుంది. తియ్యకపోతే ఆనకట్ట తెగి లంకా ఊళ్ళూ అన్నీ పోతాయి. అన్నాళ్ళూ చదవకుండా నొక్కిన రాజు, ఆ రెండు మాటలూ చదివి వెనక్కి జరిగాడు. నాంచారి డప్పులవాళ్ళని లంకకి పంపి, ఆగగలిగినంత సేపు ఆగింది. కట్ట మీంచి రాయి జారిన చప్పుడైంది. ఏడుస్తూనే సరే నొక్కింది.

డప్పు విని లంకవాళ్ళు పిల్లా మేకా మెరకెక్కారు. ఆనకట్ట నిలిచింది. రాజు తప్పు ఒప్పుకుని, అడగాల్సినవే అడగమన్నాడు. నాంచారి చాలా పెట్టెలు తీసి పారేసి, మిగిలిన ప్రతిదాని చేతికీ తల్లి కొంగు అందించింది. లంకలో మళ్ళీ ఇళ్ళు లేచాయి, అందరూ సుఖంగా ఉన్నారు. అడిగేదేదో ఎదురొచ్చి అడగాలర్రా, అదీ సంగతి. కథ కంచి దారి పట్టింది, మనం పక్కల దారి పడదాం.

ఏమే వసంతా, ఇంకా నా వెనకే ఉన్నావేం? ముందుకొచ్చి అడుగు.

"నాంచారి వాళ్ళ నాన్న మెరకెక్కాడా అమ్మమ్మా?"

గేదె పలుపు విప్పడానికి వెనక్కెళ్ళాడమ్మా. గేదె ఒక్కటే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది. దాన్ని నాంచారే సాకింది.