మంచె మీది రౌతు

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకు చుట్టుపక్కల రాజులందరితోనూ పోట్లాటే. పోట్లాడి పోట్లాడి విసుగొచ్చి ఒకనాడు అందరితో సంధి చేసుకున్నాడు. ఇక సైన్యం దండగనుకొని, గుర్రపు రౌతులందరినీ పిలిచి తలా ఒక శాలువా కప్పి, "ఇళ్ళకు పోండి నాయనా" అన్నాడు. గుర్రాలు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ రౌతుల్లో ఓబులయ్య ఒకడు. కొలువుకు పోయేనాడు మరదలు సుంకమ్మతో, "తిరిగొచ్చేది సైన్యాన్ని నడిపే దళవాయినై, గుర్రం మీదే! ముందర డప్పులు మోగాల. అప్పుడే మన పెళ్ళి" అని కోతలు కోశాడు. ఊరంతా విన్నది. ఇప్పుడు కాళ్ళీడ్చుకుంటూ ఏ ముఖం పెట్టుకొని పోవాలి? ఎక్కడైనా పని చూసుకొని, గుర్రం కొనుక్కొని మరీ పోదామనుకున్నాడు.

మొదట గానుగవాడి దగ్గరికి పోయాడు.

"నీకేం వచ్చు?"

"గుర్రమెక్కుతాను, కత్తి తిప్పుతాను."

"ఇక్కడ గుర్రమూ లేదు, కత్తీ లేదు. ఎద్దును తోలు."

ఓబులయ్య యుద్ధంలో గుర్రాన్ని అదిలించినట్టు అదిలించాడు. ఎద్దు బెదిరి, కాడి విరగ్గొట్టుకొని పొలాలకు అడ్డంపడి పోయింది. గానుగవాడు పొమ్మన్నాడు.

తరువాత కుమ్మరి దగ్గరికి పోయాడు.

"నీకేం వచ్చు?"

"గుర్రమెక్కుతాను, కత్తి తిప్పుతాను."

"ఇక్కడ గుర్రమూ లేదు, కత్తీ లేదు. ఈ పచ్చికుండలను మెల్లగా తట్టు."

ఓబులయ్య తట్టాడు. ఆ చేతికి మెల్లగా అంటే ఏమిటో తెలియదాయె! కుండలన్నీ చొట్టలు పడ్డాయి. కుమ్మరీ పొమ్మన్నాడు.

మూడోచోట జొన్నచేను గట్టున ఒక అవ్వ కూర్చొని ఉంది.

"నీకేం వచ్చు నాయనా?"

ఈసారి గుర్రం మాట ఎత్తడానికే సిగ్గేసింది. "ఏమీ రాదవ్వా" అన్నాడు.

"అరవడం వచ్చా?"

"అది బాగా వచ్చు."

"అయితే మంచె ఎక్కి పిట్టలు తోలు. కడుపుకింత పెడతా."

చిన్నపిల్లలు చేసే పని కదా అది! గుర్రం దిగినవాడు మంచె ఎక్కాడు. వడిసెలలో రాయి పెట్టి తిప్పుతూ "హోయ్ హోయ్" అని అరిచేవాడు. దారిన ఎవరైనా వస్తే చాలు, తలగుడ్డ ముఖం మీదికి లాక్కునేవాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం సుంకమ్మే వచ్చింది. "ఓ మంచె మీదన్నా! రాజధానికి దారెటు? మా బావ అక్కడ దళవాయి. ఎంతకూ రాకపోతే నేనే పోతున్నా. గుక్కెడు నీళ్ళుంటే పొయ్యన్నా" అంది.

పక్కనే నీళ్ళకుండ ఉంది. దిగితే ముఖం కనబడుతుంది. ఓబులయ్య తలగుడ్డ ముఖం మీదికి లాక్కొని, పైనుంచే చేత్తో దారి చూపించాడు. ఆమె నాలుకతో పెదవులు తడుపుకొని ముందుకు పోయింది. ఆమె కనుమరుగయ్యాక వాడు ఏడ్చాడు.

ఆ రోజుల్లోనే ఒక మాంత్రికుడు రాజుగారి కూతుర్ని ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందట. దాన్ని వెతకడానికి ముగ్గురు రాజకుమారులు ఓడలెక్కారు. ఆ చిలుకేమో ఓబులయ్య కాపలా కాసే చేలోనే వాలింది! వడిసెల రాయి రెక్కకు తగిలి కింద పడింది. పట్టుకోగానే గిలగిల్లాడుతూ, "చంపకు, చంపకు! నేను చస్తే మా మాంత్రికుడు చస్తాడు. గుహలో ఎండు పళ్ళు తిని తిని నోరు చచ్చిపోయి, పాలకంకుల కోసం వచ్చాను" అని వాగేసింది.

అంతలో రాజకుమారిని కూడా చుట్టుకొని సుడిగాలిలా మాంత్రికుడు దిగాడు. చిలుక ఓబులయ్య చేతిలో ఉండేసరికి మీదికి రాలేక మెత్తగా మాట్లాడాడు. "వదిలెయ్ నాయనా. దళవాయి తలపాగా ఇస్తాను, గుర్రం ఇస్తాను, డప్పులు మోగిస్తాను. నువ్వు పిట్టలు తోలిన సంగతి పురుగుకు కూడా తెలియనివ్వను."

ఓబులయ్య పిడికిలి సడలింది. అబద్ధమెందుకు, నిజంగానే సడలింది. అంతలోనే, "నా సిగ్గు కప్పుకోడానికి ఒక ఆడపిల్లను చెరలో ఉంచనా? థూ!" అనుకొని చిలుక మెడ నులిమేశాడు. మాంత్రికుడు బూడిదైపోయాడు. సుడిగాలిలోంచి రాజకుమారి బయటికొచ్చింది.

ఓబులయ్య ఆమెను తీసుకొని పోయేసరికి రాజధానిలో సభ కిక్కిరిసింది. "ఏ సముద్రం దాటి ఆ చిలుకను పట్టావు వీరుడా?" అని రాజు అడిగాడు. జనంలో ముందు వరసలోనే నిలబడి ఉంది సుంకమ్మ. ఏడో సముద్రం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక లోపలికి పోయింది.

"ఏ సముద్రమూ దాటలేదు మహారాజా. జొన్నచేలో దొరికింది. కొలువు పోయాక పిట్టలు తోలుకుంటున్నాను" అన్నాడు తల వంచుకొని.

సభంతా గొల్లున నవ్వింది. సుంకమ్మ ఒక్కతే నవ్వలేదు.

"ఆ మంచె మీద నువ్వేనా బావా? నా చేత అన్నా అనిపించుకుంటివే! పిట్టలు తోలితే సిగ్గేముంది? ఎండన పడి వచ్చినదానికి గుక్కెడు నీళ్ళు పొయ్యలేదు చూడు, దానికి సిగ్గుపడు."

ఓబులయ్య చేతులతో ముఖం కప్పుకున్నాడు. సింహాసనం మీద రాజు కూడా తల వంచుకున్నాడు. "యుద్ధం చాలన్నాను గానీ, వీళ్ళేం తిని బతుకుతారని అడగలేదు. ముందు సిగ్గుపడాల్సింది నేను" అని, రౌతులందరికీ బీడు భూములూ, దున్నుకోడానికి ఎద్దులూ ఇప్పించాడు.

ఓబులయ్య సుంకమ్మ వెంట కాలినడకన, పట్టపగలే ఊళ్ళోకి పోయాడు. వీధి వీధంతా తననే చూస్తున్నట్టు అనిపించింది. వాకిట్లో తల్లి కనబడింది. గుర్రమేదని అడుగుతుందనుకున్నాడు.

"ఇంతసేపట్రా రావడం? కాళ్ళు కడుక్కో, సంగటి చల్లారిపోతాంది" అందామె.

ఆ వారంలోనే పెళ్ళయింది. రాజు చాన్నాళ్ళు చల్లగా ఏలాడు. వాళ్ళ సంగటి వాళ్ళు తిన్నారు, మన నిద్ర మనం పోదాం.