అల అలిసే చోట

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం ఏడాదికింత ముందుకు జరిగే ఊళ్ళో, నూకరత్నం అనే ముసలమ్మ ఉండేది, బుజ్జీ. ఉప్పుటేటి గట్టు మీద ఇల్లు ఆమెది. వల లాగే పాటలన్నీ ఆమెకే వచ్చు.

ముందు సముద్రం సరుగుడు తోట తీసుకుంది. ఆ తర్వాత చేపలు ఎండేసే దిబ్బ తీసుకుంది. ఆ తర్వాత ఏట్లోంచి వచ్చి, నూకరత్నం గుమ్మం ముందు నురగతో ముగ్గేసి పోయింది.

"ఎండలు ముదిరి నీళ్ళు పొంగుతున్నాయి. ఆపే మడ అడవినేమో మనమే పొయ్యిలో పెట్టేశాం" అని జనం దిగులుపడ్డారు.

అప్పుడు నూకరత్నానికి వాళ్ళమ్మ పాడే మడ పాట గుర్తొచ్చింది. మడ ఎలా నాటాలో అందులోనే ఉంది.

"మునక్కాయంటి కాయ తెచ్చి, లాగవే లాగు!
మొన కిందికి ఉంచి గుచ్చి, లాగవే లాగు!"

మూడో వరస రాలేదు. చెప్పుకోడానికి సిగ్గేసింది. "అలకి ఎదురు నిలిపి నాటి" అని తనే అల్లేసింది.

ఊరంతా పాడుకుంటూ ఒడ్డున నాటారు. అల ఎత్తుకుపోయింది. ఆ తర్వాత మళ్ళీ నాటారు. మళ్ళీ పోయాయి.

"బాగుంది పెద్దమ్మా, చేపలకి మునక్కాయ పులుసు పెట్టాం!" అంది పడవలకి రంగులేసే పైడితల్లి.

నూకరత్నం నవ్వలేదు. "మూడో వరస మర్చిపోయానే తల్లీ. లేనిది పాడాను" అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు పైడితల్లి, పాటల్ని మూలన పడేసిన వల లాగే మోటారు ఆపించి, వల తాడు ఆమె చేతిలో పెట్టింది. "నోరు మర్చిపోతే పోనీ. చేతుల్ని అడుగు."

ఊరంతా తాడు పట్టింది. ఒక లాగు. రెండో లాగు. మూడో లాగుకి నూకరత్నం కళ్ళు మూతపడ్డాయి. నీళ్ళ అడుగు నుంచి వాళ్ళమ్మ గొంతు తాడు వెంట నడిచొచ్చింది.

"అల ఉరికే చోట కాదు, అల అలిసే చోట, లాగవే లాగు!"

అంటే ఉప్పుటేటి బురద! అక్కడ నాటారు. కాయలు నిలబడ్డాయి. ఆ తర్వాత పైడితల్లి ఆ మూడు వరసలూ ప్రతి పడవ మీదా రాసి, పక్కన మడ చెట్టు బొమ్మ వేసింది. పడవ ఆగిన రేవులన్నీ చూశాయి, పాడాయి, నాటాయి.

ఏళ్ళు గడిచాయి. పెద్ద తుఫానొకటి వచ్చింది. సముద్రం ఏట్లోకి ఎక్కి, మడ వేళ్ళ మధ్య అలిసిపోయి, నూకరత్నం గుమ్మానికి అవతలే కూర్చుండిపోయింది.

అప్పటికి నూకరత్నం తన పేరు కూడా మర్చిపోతోంది. పడవ వస్తే మాత్రం కూడబలుక్కుని చదివి, "ఎవరు కట్టారో గానీ మంచి పాట!" అనేది.

ఏదీ, మూడో వరస ఒకసారి చెప్పి పడుకో.

కథేమో కంచికి, కాయేమో ఏటికి, బుజ్జీ నేనూ ఇంటికి.