గుంపస్వామి మిలటరీ బండి

అనగనగా, పెట్రోలు డబ్బాల్లోనూ, ఉప్పు ఎడ్లబళ్ల మీదా వచ్చే కాలంలో, కొండల కింద రేగుమానుపేట అని ఒక ఊరు. ఆ ఊరికి గుంపస్వామి అని ఒక కమ్మరి. మనిషి పొట్టి, మాట తక్కువ. కొడవళ్లు కొట్టేవాడు, గునపాలు సాగదీసేవాడు, బండిచక్రాలకు ఇనపపట్టాలు ఎక్కించేవాడు. ఆయన సమ్మెట కొడుతుంటే భార్య సన్యాసమ్మ తిత్తి ఊదేది.

ఆ రోజుల్లో పెద్ద యుద్ధం ఒకటి జరిగి ఆగింది. సముద్రం ఒడ్డున సిపాయిలు వదిలేసిన బళ్లు వేలం వేస్తున్నారని ఊరూరా దండోరా వేశారు. కొడవళ్లకు పాత ఇనుము దొరుకుతుందని గుంపస్వామి తన ఎడ్లబండి కట్టుకుని మూడు రోజులు ప్రయాణం చేసి అక్కడికి పోయాడు.

అక్కడ ఇసకలో బారులు బారులుగా బళ్లు. ఒకదానికి అద్దం లేదు, ఒకదానికి చక్రం లేదు. చివర్లో ఒక జీపు, సగం ఇసకలో కూరుకుపోయి ఉంది. ఎవరూ దాని జోలికి పోవడం లేదు. గుంపస్వామి బోర్లా పడుకుని దాని కిందికి తొంగిచూశాడు. ఆయన చూసిన బస్సులన్నీ వెనక చక్రాలతో నెట్టుకుపోయేవే. దీనికి మాత్రం మధ్య పెట్టెలోంచి వెనక్కో కడ్డీ పోయింది, ముందుకో కడ్డీ పోయింది. అంటే ముందు చక్రాలు కూడా లాగుతాయి. గుంపస్వామి ఇంకా లోపలికి పాకాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూశాడు. లేచి ఇసక దులుపుకుని, అక్కడికక్కడే తన ఎడ్లజత అమ్మేసి ఆ జీపు కొన్నాడు.

అరువు తెచ్చుకున్న ఎడ్లతో దాన్ని ఈడ్పించుకుంటూ ఊళ్లోకి వస్తే జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నడిచే ఎడ్లనిచ్చి నడవని బండి తెచ్చాడన్నారు. సన్యాసమ్మ నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది లేస్తాదా?" అని అడిగింది.

"లేస్తాది," అన్నాడు గుంపస్వామి.

మొదటి ఏడు ఇంజనుతో సరిపోయింది. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి నానబెట్టాడు, ఆముదం పోసి నానబెట్టాడు. రోజూ పొద్దున్నే తిప్పి చూసేవాడు, కదిలేది కాదు. నలభయ్యో రోజున వేలెడంత కదిలింది. ఆ వేలెడంతకే మొగుడూ పెళ్లాం పండగ చేసుకున్నారు. అది చెవులు పగిలేలా మోగిన రోజున ఊళ్లో కోళ్లన్నీ ఇళ్లెక్కేశాయి. ఊరి మునసబు అప్పలనరసయ్య వచ్చి, మోత విన్నాం కదా, ఇక విరగ్గొట్టి కొడవళ్లు చెయ్యమన్నాడు. గుంపస్వామి, లేస్తాది చూడండి అన్నాడు.

రెండో ఏడు చక్రాలూ బ్రేకులూ తయారయ్యాయి. కళ్లంలో మూడు చుట్లు తిప్పాడు. ఆడా మగా వెనకాలే పరిగెత్తారు. మునసబు మళ్లీ వచ్చి, నడుస్తోంది కదా, ఇంకా ఏం కావాలి అన్నాడు. గుంపస్వామికి తృప్తి లేదు. నడుస్తున్నవి వెనక చక్రాలే. ముందు చక్రాలు ఊరికే దొర్లుతున్నాయి. ముందు కడ్డీ దగ్గర పళ్లచక్రం ఒకటి విరిగిపోయింది.

మూడో ఏడు ఆ పళ్లచక్రం కోసం మూడు పట్నాలు తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. అయితే నేనే చేస్తానన్నాడు. లారీ ఇరుసు ముక్క ఒకటి కొలిమిలో పెట్టాడు. సన్యాసమ్మ తిత్తి ఊదింది, ఆయన కొట్టాడు, ఆకురాయి పట్టి ఒక్కో పన్నూ రాశాడు. బిగించి తోలితే విరిగింది. రెండోది చేశాడు. అదీ విరిగింది. మూడోది చేసి, నూనెలో చల్లార్చి, శనివారం పొద్దున బిగించాడు. తోలి చూద్దామనుకునేసరికి జోరున వాన పట్టుకుంది.

ఆ శనివారం సంత రోజు. ఆ మధ్యాహ్నం, ఊళ్లోకి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. సంత నుంచి వస్తున్న బొగ్గుతో నడిచే బస్సు వంకరగెడ్డ వాగు నడిమధ్యలో ఆగిపోయింది. నలభైమంది లోపలున్నారు. ముసలివాళ్లున్నారు, చంటిబిడ్డల తల్లులున్నారు. కొండల మీద వాన, గెడ్డలో నీళ్లు పెరుగుతున్నాయి. దిగబోయిన ఇద్దరు మగవాళ్లను నీళ్లు పడదోస్తే కిటికీలు పట్టుకుని మళ్లీ ఎక్కారు.

ఊరంతా గెడ్డకు పరిగెత్తింది. ముందు ఎడ్లను తోలారు, అవి నీళ్లు చూసి వెనక్కి తిరిగాయి. తరవాత కలప లారీ ఒకటి వచ్చింది. గొలుసు కట్టి లాగితే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి తిరిగి ఇరుసు దాకా ఇసకలో దిగిపోయాయి. నీళ్లు బస్సు మెట్టు దాటాయి. బస్సు మీదికెక్కి కూర్చున్నవాళ్లలో మునసబు కూడా ఉన్నాడు.

అప్పుడందరికీ గుంపస్వామి జీపు గుర్తుకొచ్చింది. తీరా చూస్తే ఆయన అప్పటికే బండి తీశాడు. సన్యాసమ్మ గొలుసు పట్టుకుని పక్కన ఎక్కింది. "ఈ చక్రం కూడా విరిగితే ఏటి సేస్తావు?" అంది.

"మళ్లీ కొడతాను. ముందు ఆళ్లని తేనీ."

గెడ్డ ఒడ్డున జీపు ఆపి గుంపస్వామి దిగాడు. పంచె ఎగ్గట్టాడు. అందరూ తొందరపెడుతుంటే ఆయన నీళ్లలోకి నడిచాడు. మొలలోతు నీళ్లలో, పాదాలతో అడుగు తడుముకుంటూ, ఒక్కో అడుగే వేశాడు. కుడిపక్కన ఇసక. నడిమన బురద. ఎడమపక్కన, మోకాలిలోతులోనే, కాలికి రాతిపలక తగిలింది. దాని మీదే బస్సు దాకా పోయి, గొలుసు ఒక కొస బస్సు ముందు భాగానికి కట్టి, అదే దారిన తిరిగొచ్చాడు. జీపును ఆ పలక మీదికి తెచ్చి, ఊరివైపు తిప్పి, రెండో కొస వెనక తగిలించాడు.

మొదటిసారి వెనక చక్రాలతో లాగాడు. జీపు పక్కకు జారింది. బస్సు కదల్లేదు.

రెండోసారి ముందు చక్రాల మీట వేశాడు. ఇన్నాళ్లూ ఊరికే దొర్లిన చక్రాలు గరగరమని రాయిని పట్టుకున్నాయి. బస్సు మూరెడు కదిలింది. జనం కేక పెట్టారు. అంతలో జీపు మూతి పైకి లేచింది, ముందు చక్రాలు గాలిలో తిరిగాయి.

సన్యాసమ్మ ఒక్క ఉరుకున జీపు ముందు భాగం మీదికెక్కి కూర్చుంది. వెనకాలే నీళ్లలోకి దిగిన ఇంకో ముగ్గురు ఆడవాళ్లను చెయ్యిపట్టి పైకి లాగింది. మూతి కిందికి దిగింది. లోపల గుంపస్వామికి చీరలు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"నీకు దారి కనబడదు," అంది సన్యాసమ్మ. "నాను సెప్తాను, నువ్వు తోలు."

మూడోసారి. ఆమె ఎడమ అంటే ఎడమకు తిప్పాడు, పోనీ అంటే పోనిచ్చాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారి రాయిని పట్టాయి. గొలుసు కీచుమంది. బస్సు మూరెడు కదిలింది, బారెడు కదిలింది, తరవాత ఆగకుండా నీళ్లు కారుస్తూ ఒడ్డెక్కింది. ఒక్కొక్కరినీ దింపుకుంటూ లెక్కపెట్టారు. నలభైమందీ ఉన్నారు. ఆఖరి ముసలమ్మ నేల మీద కాలుపెట్టిన కాసేపటికి, మలుపులో హోరుమంది. కొండనీళ్లు మద్దిమానునొకదాన్ని వేళ్లతో సహా దొర్లించుకుంటూ, బస్సు నిలిచిన చోటుమీదుగా పోయాయి.

మునసబు గుంపస్వామి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎంతకీ వదల్లేదు. గుంపస్వామి సిగ్గుపడి చేతులు విడిపించుకుని, బండి కిందికి దూరి పళ్లచక్రం ఎలా ఉందో చూసుకున్నాడు. రెండు పళ్లు ఊడాయి. మిగతావి నిలిచాయి. అప్పుడు ఆ బురదలోనే పడుకుని ఆయన పకపకా నవ్వాడట. గుంపస్వామి నవ్వగా ఊరు వినడం అదే మొదలు.

తరవాత ఆయన అలాంటివి ఇంకా తెచ్చాడు, లేపాడు. కొండవాళ్లు పడిపోయిన బళ్లను ఈడ్చుకొచ్చి ఆయన వాకిట్లో వదిలేవారు. నడిపించుకుపోయేవారు. తల నెరిసి, చూపు తగ్గాక ఒక వేసవిలో ఆయన పోయాడు. ఆయన పాడె వెనకాల కొండదారుల బళ్లన్నీ నడిచే మనిషి జోరుకు మించకుండా కదిలాయి.

ఇప్పుడు వంకరగెడ్డ మీద వంతెన ఉంది. వానైనా వరదైనా బళ్లు సర్రున పోవచ్చు. అయినా ఆ దారిన తోలేవాళ్లు వంతెన ముందర బండి ఆపి దిగుతారు. చెప్పులు విడిచి, వంతెన మీద కొంతదూరం నడిచి, తిరిగొచ్చి అప్పుడు బండి తీస్తారు. కొత్తవాళ్లు విసుక్కుంటే, బండిలో ఉన్న ముసలమ్మలు చెబుతారు: "మునపు గుంపస్వామి నడిసినాడు బావూ. నలబైమంది బతికినారు. ఈడూ నడిసి రానీ, కూకో."

కథ గెడ్డ దాటింది. ఇక మనమూ లేద్దాం.