ఎండ చూడని ఆకులు

శరణయ్య గారిని ఏ ప్రశ్న అడిగినా మాటతో జవాబు చెప్పరు, చేతికి ఒక పని ఇస్తారు. అది తెలిసీ అడిగాను. హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బల మీద మొక్కలు పెంచే ఆశ్రమం మాది. వాన మొహం ఎరగని ఆ ఇసుకలో చెట్టు బతకాలంటే రాలిన ఆకు చివికి నేలకు బలం కావాలి. "తడే లేనిచోట ఆకు మన్నెట్లయితుంది అయ్యవారూ?" అన్నాను ఒకరోజు పదిమందిలో. ఎంత బాగా అడిగానో అని నాకే ముచ్చటేసింది.

ఆయన కొట్టుగదిలోంచి ఎండిన కానుగాకుల గోతం తెప్పించారు. నూరు గ్రాములు తూచి పలచటి వల సంచిలో పోసి నాకు ఒకటి, గంగరత్నక్కకు ఒకటి ఇచ్చారు. అక్క నాకన్నా ఆరేళ్ళు ముందు ఆశ్రమానికి వచ్చిన మనిషి. "దిబ్బ మీద పెట్టి ఏడాది చూడండి. సరిగా చూసినవాళ్ళకు కొత్త దిబ్బ మొక్కలు అప్పజెబుతాను" అన్నారు. ఆ మొక్కల కోసం అక్క ఎన్నేళ్ళుగా కాచుకుని ఉందో అందరికీ తెలుసు. నాకూ ఆశే, కాకపోతే నాది పెత్తనం మీద ఆశ.

చూడమంటే కాపలా కాయమని అర్థం చేసుకున్నాను. మేకలు రాకుండా చుట్టూ కంప నాటాను, గాలికి పోకుండా అంచులకు రాళ్ళు పెట్టాను. ఇంక చూడటానికి ఏముందని అటు పోవడమే మానేశాను. అక్క మాత్రం రోజూ పొద్దున్నే పోయి తన సంచి ముందు గొంతుక్కూర్చునేది. ఈమెకు పనీపాటా లేదనుకున్నాను.

ఆ ఏడు ఒక్క పదును వాన కూడా పడలేదు. గడువుకు నాలుగు రోజుల ముందు పోయి చూద్దును గదా, నా సంచి సగం ఖాళీ. వాన లేందే ఆకు చివకదు, అయితే ఏ మేకో వల సందుల్లోంచి లాగి మేసి ఉండాలి, నా కాపలా వట్టిదని తేలిపోతుంది. ఎవరూ లేని వేళ కొట్టుగదిలోకి పోయి అదే గోతంలోంచి నూరు గ్రాములు తూచుకొచ్చాను. సంచిలో మిగిలిన తెల్లటి పెళుసు ఆకుల్ని దులిపేసి, వీటిని నింపి మూతి కట్టాను. నేను దులిపేసింది నా ప్రశ్నకు జవాబునేనని అప్పుడు తెలియదు.

గడువు రోజున నా సంచి నూరు తూగింది. అక్కది యాభై ఎనిమిది. అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. "వాన లేకుండా ఆకెట్ల తరిగిందక్కా? పొయ్యిలోకి గానీ వాడుకున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు.

అక్క మొహం చిన్నబోయింది. "తరుగుతా ఉండేది చూస్తానే ఉన్నాను అయ్యవారూ. నా చూపులోనే ఏదో తప్పుందేమో. ఓబులేసు ఒక్క ఆకూ పోనీకుండా కాపాడినాడు. మొక్కలు వానికే ఇయ్యండి" అంది.

శరణయ్య గారు అక్క సంచిలోంచి ఒక ఆకు తీసి నలిపారు. పిండిలా రాలింది. నా సంచిలోది తీశారు. ఇంకా పచ్చచాయ పోలేదు, చేతిలో గట్టిగానే ఉంది. "ఏమప్పా ఓబులేసూ, ఈ ఆకు ఏడాదంతా ఎండ చూసిందా?"

"చూసింది అయ్యవారూ." రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

అక్క తన ఆకుపొడిని తీసుకుపోయి ఒక వేపమొక్క మొదట్లో వేసి వచ్చింది. వచ్చి, నా సంచి మూతి వదులుగా ఉందని కూర్చుని ముడి బిగించి, నా చేతిలో పెట్టింది. "జాగ్రత్త నాయనా, ఒక్కాకు గూడా రాలకూడదు" అంది.

ఆ సంచిని పట్టుకుని నిలబడలేకపోయాను. "అక్కా, ఇవి కొట్టుగది ఆకులు. నాలుగు దినాల కిందట నేనే నింపినాను. నాది గూడా సగమైపోయింది" అన్నాను, ఆ పదిమంది ముందే. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అక్క నన్ను తిట్టలేదు, అసలు నా వైపే చూడలేదు. "అయితే నేను చూసింది నిజమే అయ్యవారూ!" అంది. పొద్దంతా కాసే ఎండకు ఆకు తెల్లబడి పెళుసు బారుతుందనీ, తెల్లారుజామున మంచుకు పిసరంత నానుతుందనీ, ఆ మీదట చెదలు వచ్చి కొరుక్కుపోతాయనీ, ఏడాదిపాటు చూసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చీకటి గదిలో పడి ఉన్న అవే ఆకులు మాత్రం ఎన్నాళ్ళయినా అట్లాగే ఉన్నాయి. కొత్త దిబ్బ మొక్కలు ఆ రోజే ఆమెవయ్యాయి.

పొద్దువాలేముందు శరణయ్య గారి దగ్గరికి పోయాను. నా సంచి విప్పి, ఆకుల్ని ఇసుక మీద పలచగా పరుస్తున్నారు. "ఈ సిగ్గు నాకెప్పుడు పోతుంది అయ్యవారూ?" అన్నాను. చేతికి ఏదో పని ఇస్తారనే అనుకున్నాను, ఇవ్వలేదు.

"బయట పెట్టినావు గదప్పా" అన్నారు. "ఇంక ఎండ చూసుకుంటుంది."