పొయ్యెక్కని రాయి

ఒకానొక రాజ్యంలో, అంటే మనకు దగ్గరలో కాదు లెండి, సముద్రం అవతల ఆఫ్రికా నడిగడ్డ మీద లువేంగో అనే రాజ్యంలో చిలుంబా అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. పొద్దున్నే పక్క మీంచి లేవాలన్నా ముందు ఎవరో ఒకరు ఆయన బిరుదులు చదవాలి. చదవకపోతే లేచేవాడు కాదు.

ఆ బిరుదులు చదివే కొలువు ముసోండాది. ముసోండా గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. "సింహాలకు సింహమా, వానలకు మేనమామా, లేవయ్యా, ఫలహారం చల్లారిపోతోంది!" అని రోజూ అరిచేవాడు. రాజు ఆ చివరి ముక్క కూడా బిరుదే అనుకుని మురిసిపోయేవాడు.

లువేంగోలో రెండు ఆచారాలున్నాయి. రాజు నేల మీద కాలు తాటించి ఏదైనా అన్నాడంటే పక్కనున్న డప్పులవాళ్లు వెంటనే డప్పు కొట్టాలి. డప్పు మోగిందా, ఆ మాట శాసనమే. రాజే వచ్చి బతిమాలినా వెనక్కి పోదు.

రెండోది అతిథి మర్యాద. వచ్చినవాళ్లకు వండిందే పెట్టాలి. పచ్చి పిండి, పచ్చి గింజలు చేతిలో పెట్టకూడదు. ఇంట్లో ఎవరైనా పోయి పొయ్యి ఆర్పేసినప్పుడు మాత్రమే గడప దగ్గరికొచ్చిన మనిషికి పచ్చి పిండి ఇస్తారు. పుచ్చుకున్నవాడు సంగతి గ్రహించి, టోపీ తీసి, నోరెత్తకుండా వెళ్లిపోతాడు. "నేను గద్దె ఎక్కిన నాటి నుంచి నా వంటింటి పొయ్యి ఆరలేదు. నా గడప తొక్కినవాడు ఆకలితో పోలేదు" అని చిలుంబా చెప్పుకోని రోజు లేదు. వినేవాళ్లకు విసుగొచ్చినా ఆయనకు రాలేదు.

ఇలా ఉండగా ఆ రాజ్యంలోని తెల్లకొండలో లిథియం దొరికింది.

సెల్‌ఫోన్లలో, కరెంటుతో నడిచే కార్లలో బ్యాటరీలుంటాయి కదా, వాటికి ప్రాణం ఈ లిథియమే. అది తెల్లటి రాళ్లలో దాక్కుని ఉంటుంది. కొండ కింది ఊరివాళ్లు ఇన్నాళ్లూ ఆ రాళ్లతో మేకల దొడ్లకు గోడలు కట్టుకున్నారు. సంగతి బయటికి పొక్కిందో లేదో, లువేంగో పేరు కూడా వినని దేశాలన్నీ చుట్టరికాలు కలుపుకుంటూ దిగిపోయాయి.

అబ్బబ్బ, ఏం సందడి! ఆకాశంలో విమానాలు, వీధిలో కార్లు, కోటలో పలకరింపులు. పడమటి దేశం రాయబారి వచ్చి, కూర్చుంటే వీపు పిసికే సింహాసనం సమర్పించుకున్నాడు. రాజు అందులో కూర్చుని "హాయి, హాయి" అంటుండగానే తూర్పు దేశం రాయబారి ఊడిపడి, "మహారాజా, తమ పేరు మీద ఆటల స్టేడియం కడతాం, తమ బొమ్మ పైకప్పు మీద నిలబడుతుంది" అన్నాడు. అంతలో ఎడారి సుల్తానుగారి రాయబారి బంగారు గొడుగు పట్టుకొచ్చాడు. మర్నాడు పడమటివాడు సింహాసనం పక్కన కాళ్లు పిసికే పీట చేర్చాడు. తూర్పువాడు బొమ్మ ఎత్తు పెంచాడు. ఎడారివాడు గొడుక్కి ముత్యాలు కుట్టించాడు. ముగ్గురూ ఒకరి కానుక ఒకరు దొంగచాటుగా తొంగి చూసుకోవడం, లోపల కుతకుతలాడిపోవడం! కొలువులోవాళ్లు నవ్వు ఆపుకోలేక చచ్చారు.

రాజు మాత్రం ఉబ్బితబ్బిబ్బైపోయాడు. "రేపు మధ్యాహ్నం విందు. ఎవరి కానుక ఘనమైతే తెల్లకొండ వాళ్లది. తవ్వుకుని రాయి రాయిగానే పట్టుకుపోవచ్చు. ముగ్గురికీ వీడ్కోలు గుర్తుగా తలా ఒక లారీ తెల్లరాయి ఇప్పుడే ఇస్తున్నాను" అని ప్రకటించాడు. అప్పటికప్పుడే లారీలు నింపి, పూలదండలు వేసి, కోట ముందు నిలబెట్టారు.

అప్పుడు కొలువులోకి నాన్వింగా వచ్చింది. తెల్లకొండ ఊరికి ఆమే పెద్ద. రాజు తల్లికి పురుడు పోసిన ముసలమ్మ, అందుకని ఆమెకు రాజంటే భయం లేదు.

"రాజా, కొండ తవ్వితే తవ్వనీ, కాదనను. కానీ రాయి రాయిలాగే సముద్రం దాటిపోతే మాకు మిగిలేదేంటి? మా అమ్మ చిన్నప్పుడు రాగి ఇలాగే పోయింది. రాగి పోయింది, గొయ్యి మిగిలింది. ఆ గోతిలో మా మేకలు ఇప్పటికీ పడి చస్తున్నాయి. ఆ రాయితో చేసే పనేదో ఇక్కడే చేయమను. మా పిల్లలు ఆ పని నేర్చుకుంటారు."

రాజు ముఖం ముడుచుకున్నాడు. "అవ్వా, అతిథులకు షరతులు పెట్టమంటావా? చిలుంబా ఇచ్చాడంటే లెక్క చూడడు!"

"నిజమే ప్రభూ. లెక్కలు చూసే పని వాళ్లు చేసుకుంటున్నారు" అన్నాడు ముసోండా.

కొలువంతా గొల్లుమంది. రాజుకు ఒళ్లు మండిపోయింది.

"నోరుందని వాగుతున్నావు! సరే, పందెం. రేపు విందు ముగిసేలోగా 'ఈ రాయి ఇలా పోవడానికి వీల్లేదు' అని నా నోటితో నాచేతే అనిపించు. అనిపించావా, అవ్వ అడిగింది జరుగుతుంది. లేదా, నీ కొలువు ఊడినట్టే. తెల్లకొండ మీద తట్ట మోసుకుంటూ ఆ రాళ్లకే బిరుదులు చదువుకుందువుగాని. ఇంకో మాట. రాయి అనిగానీ కొండ అనిగానీ నీ నోట వచ్చిందో, అక్కడికక్కడే ఓడిపోయినట్టు!"

పాపం, ముసోండా ఆస్తంతా ఆ నోరే. దానికే తాళం వేశాక ఇంకేం చేస్తాడు?

కోట బయటికి వచ్చాక నాన్వింగా కళ్లు ఒత్తుకుంది. "నా మూలంగా నీ కూడు పోయేట్టుందే నాయనా."

"ఇంకా పోలేదులే అవ్వా. రేపటి కూడు..." అంటూ ముసోండా ఠక్కున ఆగిపోయాడు. ఆ వెంటనే తనలో తాను పకపకా నవ్వుకున్నాడు. ముసలమ్మ వీడికి మతి పోయిందనే అనుకుంది. వాడు వెనక్కి పరుగెత్తి రాజు కాళ్ల దగ్గర వాలిపోయాడు.

"ప్రభూ, ఎలాగూ ఓడిపోతాను. పోయేముందు ఒక్క కోరిక. రేపటి విందు వడ్డన నాకు అప్పగించండి."

"అంతే కదా! పో, నీ చేత్తోనే పెట్టు" అన్నాడు రాజు జాలిగా.

మర్నాడు వంటింట్లో ముసోండా చెప్పింది విని వంటవాళ్ల పెద్ద నెత్తి కొట్టుకున్నాడు. "పొయ్యి నిండా మంట పెట్టి, దాని మీద ఏదీ పెట్టొద్దంటావా? రాజుగారు నా తోలు తీస్తారు!"

"తీస్తే నాది తీస్తారు. నువ్వు మూతలు మాత్రం తళతళా తోమించు, చాలు."

మధ్యాహ్నమైంది. పందిట్లో రాయబారులు ముగ్గురూ వరసగా కూర్చున్నారు. రాజు వీపు పిసికే సింహాసనం మీద, బంగారు గొడుగు కింద వెలిగిపోతున్నాడు. ఒక పక్క డప్పులవాళ్లు, చుట్టూ ఊరి జనం. వెండి మూతలు పెట్టిన పళ్లాలు ఒక్కొక్కటీ వస్తుంటే అందరికీ నోరూరిపోతోంది.

"మూతలు తీయండి!" అన్నాడు రాజు దర్జాగా.

తీశారు.

పడమటి రాయబారి ముందు పచ్చి మొక్కజొన్న పిండి కుప్ప. ఎడారి రాయబారి ముందు మట్టి కూడా కడగని చిలగడదుంపలు. తూర్పు రాయబారి ముందు కాళ్లు కట్టిన కోడి, బతికున్న కోడి! అది మూత తీయగానే కట్టు విప్పుకుని కొక్కొరొకో అంటూ ఎగిరి, పిండి కుప్పలో దొర్లి, పడమటి రాయబారి కోటు మీద తెల్లటి అడుగులు వేసుకుంటూ జనంలోకి పారిపోయింది.

ఎడారి రాయబారి లువేంగో ఆచారాలు బాగా చదువుకుని వచ్చిన మనిషి. ఆయన మెల్లగా లేచి, తలపాగా తీసి, "మహారాజా, తమ దుఃఖంలో మేమూ ఉన్నాం. పోయినది ఎవరు?" అన్నాడు.

అంతే! ఊరి జనం టోపీలు తీసేశారు. ఎవరో ఆడమనిషి శోకం మొదలుపెట్టింది. అది విని ఇంకో పదిమంది అందుకున్నారు. ఎవరు పోయారో ఎవరికీ తెలియదు, ఏడుపు మాత్రం ఊరి చివరిదాకా పాకిపోయింది. అంతఃపురంలోంచి రాజు చెల్లెలు జుట్టు విరబోసుకుని "అన్నయ్యా! నన్ను వదిలి వెళ్లిపోయావా అన్నయ్యా!" అంటూ వచ్చి రాజు మెడ మీదే పడి ఏడ్చింది. ఎవరిని పట్టుకుని ఏడుస్తోందో చూసుకున్నాక కెవ్వున అరిచింది.

"ఆపండి!" రాజు ఉగ్రుడైపోయాడు. "ఎవరూ చావలేదు! నా పొయ్యి ఆరలేదు! కావాలంటే వెళ్లి చూడండి, భగభగా మండుతోంది! ఏరా ముసోండా, నా అతిథులకు పచ్చిది పెడతావా? దేశాలన్నిటి ముందూ నా పరువు తీస్తావా?"

"పొయ్యి ఉండగా పచ్చిది పెడితే తప్పా ప్రభూ?" అన్నాడు ముసోండా అమాయకంగా.

"తప్పు కాదురా, చావు! నేను బతికుండగా పొయ్యెక్కనిది ఏదీ అతిథి చేతిలో పడి నా గడప దాటదు!" అంటూ రాజు కాలెత్తి నేల అదిరేట్టు తాటించాడు.

డప్పు మోగింది.

ముసోండా చేతులు జోడించాడు. "మహాప్రసాదం ప్రభూ. ఇంకొక్క పళ్లెం మిగిలింది. అదీ అతిథులకు తమరు ఇప్పించిందే" అంటూ నాలుగో పళ్లెం తెచ్చి రాజు ముందు పెట్టి మూత తీశాడు.

పళ్లెంలో తెల్లరాయి ఉంది. దాని మెడలో, అంటే మెడ ఉండాల్సిన చోట, కోట ముందు లారీకి వేసిన పూలదండ ఉంది.

"తమరే చూసి చెప్పండి ప్రభూ. ఇది పొయ్యెక్కిందా?" అన్నాడు ముసోండా. రాయి అన్న మాట వాడి నోట రాలేదు.

రాజు రాయిని చూశాడు, డప్పులవాళ్లను చూశాడు. తూర్పు రాయబారికి కంగారు పుట్టింది. "మహారాజా, అది తినేది కాదు! దాన్ని మా దేశం పట్టుకెళ్లి, పెద్ద కొలిమిలో ఎర్రగా కాల్చి, పొడి కొట్టి, అప్పుడు గానీ..."

"విన్నావా రాజా?" నాన్వింగా జనంలోంచి లేచి నిలబడింది. "దీన్నీ పొయ్యి మీద పెట్టాల్సిందేనట. పిండి మనది, పొయ్యి వాళ్లది! మనింట్లో పొయ్యి లేదనేగా దానర్థం?"

ఆ మాట రాజుకు సూటిగా తగిలింది. నిజంగానే తగిలింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆయన పందిరి అవతల పూలదండలతో నిలబడ్డ లారీలను చూశాడు. అవి దారి పొడవునా ఊరూరా దాటిపోతుంటే టోపీలు తీసి తలలు వంచే జనం ఆయన కళ్లకు కట్టారు.

"నా పొయ్యి ఆరిపోయిందని లోకమంతా చెప్పుకోవాలా? వీల్లేదు! ఈ రాయి ఇలా పోవడానికి వీల్లేదు!" అని మళ్లీ కాలు తాటించాడు.

డప్పు మళ్లీ మోగింది. ఆ మోతకు గానీ రాజుకు తాను ఏమన్నాడో తెలియలేదు. ముసోండా వంక చూశాడు. ముసోండా ఎంతో శ్రద్ధగా ఆకాశం వంక చూస్తున్నాడు.

ఇక చూడాలి రాయబారుల తొందర! "కొలిమి మేం కట్టిస్తాం, తెల్లకొండ కిందే!" అని తూర్పువాడు లేచాడు. "మేం అంతకన్నా ముందు కట్టిస్తాం, పిల్లలకు పని నేర్పే బడి కూడా పెడతాం!" అని పడమటివాడు పిండి దులుపుకుంటూ అరిచాడు. "కొలిమికి మంట మాది! పాత రాగి గొయ్యి పూడ్చే ఖర్చు కూడా మాదే!" అని ఎడారివాడు తలపాగా ఊపాడు. నిన్నటిదాకా గొడుగులకు ముత్యాలు కుట్టినవాళ్లు ఇప్పుడు కొలిములకు ఇటుకలు పేర్చడంలో పోటీ పడుతున్నారు. నాన్వింగా ఒక్కొక్కరిచేతా ఒప్పుకున్నదాన్ని మళ్లీ గట్టిగా చెప్పించి, డప్పులవాళ్ల వైపు చూస్తోంది.

రాజుకు పొట్టలో ఎక్కడో మొదలైన నవ్వు పైదాకా వచ్చేసింది. "ఓడించావురా! నా కాలితో నన్నే తన్నించావు!" అని పగలబడి నవ్వాడు. "ఎవరక్కడ? ముసోండాకు పది బస్తాల మొక్కజొన్న పిండి ఇవ్వండి!"

ముసోండా టోపీ తీసి, తల వంచి, నోరెత్తకుండా వెనక్కి తిరిగి నడవసాగాడు.

"ఏమైందిరా? ఎక్కడికి?" అని కేకేసిన రాజుకు అప్పుడు వెలిగింది. ఇంకేముంది, నవ్వీ నవ్వీ సింహాసనం మీంచి జారి కింద పడ్డాడు.

చివరికి ఆ సింహాసనం నాన్వింగాకు దక్కింది. కొలిమి కట్టినన్నాళ్లూ ఆమె అందులోనే వీపు పిసికించుకుంటూ కూర్చుని మేస్త్రీలను కేకలేసింది. ముసోండాకు రాజు తన మెడలోని హారం తీసి వేశాడు. ఆపైన పుట్టి బుద్ధెరిగి గరిటె పట్టని ఆ చేత్తోనే సంగటి కెలికి, మొదటి ముద్ద వాడికి పెట్టాడు. సంగటి నిండా ఉండలే. అయినా ముగ్గురు రాయబారులూ బ్రహ్మాండం, బ్రహ్మాండం అంటూ పోటీ పడి తిన్నారు.

మర్నాడు పొద్దున్నే ముసోండా రాజు గుమ్మం ముందు నిలబడి గొంతెత్తాడు.

"సింహాలకు సింహమా, వానలకు మేనమామా, రాళ్లకు వంటవాడా!"

ఫలహారం మాట రాకముందే రాజు నవ్వుకుంటూ లేచి కూర్చున్నాడు.